దిమ్మె ఎత్తు ఎంత?

(శిల్పకళ విద్యార్థుల సమావేశంలో ఒక శిల్పి చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసుకున్నది)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త ఇటు జరపండి బాబూ. ప్లాస్టర్ పొడి పీల్చీ పీల్చీ గొంతు ఇలా అయింది, వెనక వరసకు వినబడదు.

నలభై ఏళ్ళుగా విగ్రహాలు చేసి బతుకుతున్నాను. ఆర్డర్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట ఏమడుగుతారో చెప్పనా? పోలిక వస్తుందా అని అడగరు. కంచా ఫైబరా అన్నది కూడా తర్వాతి మాటే. "దిమ్మె ఎంత ఎత్తు కడదాం గురువుగారూ?" అంటారు. ఒక ఊళ్ళో కమిటీవాళ్ళు పక్క జంక్షన్‌లో విగ్రహానికి పన్నెండడుగుల దిమ్మె ఉందని, తమదానికి పద్నాలుగు అడుగులు కట్టించారు. నేను మూడు నెలలు కూర్చుని ఆ పెద్దాయన కళ్ళ కింద ముడతలు, పెదవి మీద మచ్చ అన్నీ మట్టిలో తీశాను. ఇప్పుడు కింద నిలబడి చూస్తే గడ్డం, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. ఆ ముడతలు కాకులకు తెలుసు. (నవ్వులు)

నవ్వండి, నవ్వండి. ఆ రోజు నుంచి ఎక్కడ ఏ విగ్రహం చూసినా ముందు దిమ్మె చూడటం నాకు అలవాటైపోయింది. ఇవాళ్టి విషయం బానిస వ్యాపారం గుర్తుగా బయట చౌరస్తాల్లో, రేవుల్లో పెట్టిన శిల్పాలు. నేను దాన్ని దిమ్మె వైపు నుంచే చెప్తాను. నాకు తెలిసింది అదే.

ముందు ఒక అంకె. అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికా నుంచి ఓడలెక్కించిన మనుషులు సుమారు కోటీ పాతిక లక్షలు. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగింది సుమారు కోటీ ఏడు లక్షలు. మధ్యలో తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి. వాళ్ళంతా సముద్రంలో ఉన్నారు. వీళ్ళకు ఫొటోల్లేవు, చాలామందికి పేర్లూ దొరకవు. మనకు ఆర్డరిచ్చేవాళ్ళు కనీసం పెళ్ళి ఆల్బమ్ అయినా తెస్తారు కదా. ఇక్కడ ఏం చూసి చేస్తారు?

ఆ సంగతికి వచ్చే ముందు, పేరూ రూపం తెలిసినవాడి విగ్రహం ఒకటి చూద్దాం. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ రేవు పట్నం. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అని 1636లో పుట్టి 1721లో పోయిన వర్తకుడు. 1680లో బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో చేరాడు, తర్వాత దానికి డిప్యూటీ గవర్నర్ కూడా అయ్యాడు. అతను అందులో ఉన్న పన్నెండేళ్ళలో ఆ కంపెనీ దాదాపు 84,000 మందిని ఓడలెక్కించిందని, వాళ్ళలో 19,000 మంది దాకా దారిలోనే పోయారని చరిత్రకారుల లెక్క. ఆ డబ్బులోంచి బళ్ళకు, సత్రాలకు దానాలు చేశాడు. దాత అన్న పేరు నిలిచింది, డబ్బు ఎక్కడిదన్న మాట మరుగున పడింది. పోయిన 174 ఏళ్ళకు, 1895లో, విగ్రహం పెట్టారు. శిల్పి జాన్ కాసిడీ. చందాలు సరిగ్గా రాలేదట, అదేమీ మనకు కొత్త కాదు. విగ్రహం ఎనిమిదడుగుల ఎనిమిది అంగుళాలు, దిమ్మె పదడుగుల ఆరు అంగుళాలు. మనిషి కంటే దిమ్మె పెద్దది! దాని మీద ఫలకంలో ఈ నగరం కన్న పరమ సద్గుణవంతులైన, వివేకవంతులైన బిడ్డల్లో ఒకడు అని రాశారు.

పని మటుకు మంచి పనే. తోటి పనివాడిగా చెప్తున్నా. చేతికర్ర ఆనుకుని ఏదో ఆలోచనలో పడ్డట్టు నిలబెట్టాడు కాసిడీ. వ్యాపారి ఆలోచిస్తున్నాడు. దేని గురించో దిమ్మె చెప్పదు. 2018, 19లలో ఇంకో ఫలకం పెట్టి సంగతి రాద్దామన్నారు. మాటల దగ్గర పేచీ వచ్చింది. ఈ మాట తీసెయ్యండి, ఆ అంకె తగ్గించండి అంటూ సాగదీసి, చివరికి ఆ ఫలకం దిమ్మెకు ఎక్కనే లేదు.

2020 జూన్ 7న జనం తాళ్ళు వేసి లాగారు. ఊడింది. దొర్లించుకుంటూ తీసుకెళ్ళి రేవు నీళ్ళలో పడేశారు. పడేసిన చోటికి దగ్గర్లో ఒక పాదచారుల వంతెన ఉంది, పేరు పెరోస్ బ్రిడ్జి. పెరో జోన్స్ అనే కుర్రాణ్ణి పన్నెండేళ్ళ వయసులో కరీబియన్ దీవి నెవిస్‌లో జాన్ పిన్నీ అనే తోట యజమాని కొనుక్కుని, తర్వాత బ్రిస్టల్ తెచ్చి ఇంటి నౌకరుగా పెట్టుకున్నాడు. 1999లో ఆ వంతెనకు అతని పేరు పెట్టారు. ఐలిష్ ఓకానెల్ అనే శిల్పి చేసిన రెండు పెద్ద కొమ్ముబూరల ఆకారాలుంటాయి దాని మీద. జనం రోజూ దాని మీద నడుస్తారు, సైకిళ్ళు తోసుకుపోతారు. దిమ్మె లేదు. పాదాల కింద ఉన్న స్మారకం అది. యజమాని తరగతివాడు పదడుగుల రాయి మీద, పెరో కాళ్ళ కింద అని అనుకోవచ్చు. నేనైతే పెరోదే మంచి చోటంటాను, నీళ్ళు దాటిస్తున్నాడు కదా.

నాలుగు రోజుల తర్వాత విగ్రహాన్ని పైకి తీశారు. మ్యూజియంవాళ్ళు బురద కడుగుతుంటే కోటు మడతల్లో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి సైకిల్ టైరు, అది రేవులో చిక్కుకున్నది. రెండోది చుట్టచుట్టిన పత్రిక. 1895 అక్టోబర్ 31 నాటి టిట్-బిట్స్ అనే కాలక్షేపం పత్రిక. దాని మీద చేత్తో రాసిన పేర్లు, తేదీ. ఎవరివి? విగ్రహాన్ని బిగించిన పనివాళ్ళవి. నూటపాతికేళ్ళు ఆ మహానుభావుడి కోటులో దాక్కున్నారు వాళ్ళు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇప్పుడు ఆ విగ్రహం బ్రిస్టల్‌లోనే ఎం షెడ్ అనే మ్యూజియంలో ఉంది. నిలబెట్టలేదు, వెల్లకిలా పడుకోబెట్టారు. జనం చల్లిన ఎర్ర, నీలం రంగులు కడగకుండా అలాగే ఉంచారు. అదే కంచు, అదే పోత, కాసిడీ ఉలి దెబ్బ ఒక్కటీ మారలేదు. చూసేవాడి కన్ను మాత్రం ఇప్పుడు పైనుంచి కిందికి చూస్తోంది. ఖాళీ దిమ్మె మీద 2020 జూలై 15 తెల్లవారుజామున మార్క్ క్విన్ అనే శిల్పి, పిడికిలెత్తిన నల్లజాతి మహిళ విగ్రహాన్ని చెప్పాపెట్టకుండా పెట్టేశాడు. విగ్రహం పడిన రోజు జెన్ రీడ్ అనే ఆవిడ ఆ దిమ్మె ఎక్కి అలాగే నిలబడింది, ఆమె రూపమే అది. మర్నాడే నగరపాలకులు తీసేశారు. నాకు ఆ పని అంతగా నచ్చలేదు. ఆమె తనంతట తాను ఎక్కి నిలబడిన ఆ కాసేపటి ముందు ఆ బొమ్మ ఎంత?

సరే, వాషింగ్టన్ వెళ్దాం. ఇది దిమ్మె మీద జరిగిన ఇంకో రకం అన్యాయం. బానిసత్వం రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడు లింకన్ హత్య జరిగిందని తెలిసి చార్లట్ స్కాట్ అనే ఆవిడ, బానిసత్వం నుంచి బయటపడ్డ మనిషి, ఆయనకు స్మారకం కట్టాలని తన అయిదు డాలర్లు ఇచ్చింది. స్వేచ్ఛ వచ్చాక సంపాదించుకున్న మొదటి డబ్బు. అలా విముక్తులైనవాళ్ళే చందాలు వేసుకున్నారు. కానీ ఎలా ఉండాలో తేల్చింది వాళ్ళు కాదు, సొమ్ము చేతిలో పెట్టుకున్న తెల్లవాళ్ళ సంఘం. థామస్ బాల్ చేశాడు. లింకన్ నిలబడి చెయ్యి చాపుతాడు, తెగిన సంకెళ్ళతో నల్లవాడు మోకాళ్ళ మీద ఉంటాడు. ఇద్దరూ ఒకే దిమ్మె మీదే ఉన్నారు సుమా! ఆ దిమ్మె మీద మళ్ళీ ఇద్దరికీ రెండు ఎత్తులు. 1876 ఏప్రిల్ 14న ఆవిష్కరణ సభలో ఫ్రెడరిక్ డగ్లస్ మాట్లాడాడు. ఆయనా ఒకప్పుడు బానిసే. కొద్దిరోజులకు పత్రికకు ఉత్తరం రాశాడు. నాలుగు కాళ్ళ జంతువులా మోకాళ్ళ మీద కాకుండా, మనిషిలా తన కాళ్ళ మీద నిలబడ్డ నల్లవాడి విగ్రహం చచ్చేలోపు చూడాలని ఉంది అని అందులో ఆయన మాట. బోస్టన్‌లో దీని నకలు ఒకటుండేది, 2020 డిసెంబర్‌లో తీసేశారు.

ఇప్పుడు అసలు చోటుకు వస్తున్నా. జాంజిబార్, తూర్పు ఆఫ్రికా తీరం పక్కన ఉన్న దీవి.

మా మేనల్లుడు దానికి ఎదురుగా ఒడ్డున ఉన్న టాంజానియా రేవు నగరం దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగం చేసేవాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పడవలో రెండు గంటల ప్రయాణం అంటే బయల్దేరాను. దారంతా లవంగాల వాసన వస్తుందనుకున్నా, డీజిల్ వాసనే వచ్చింది. జాంజిబార్ పాత పట్నం స్టోన్ టౌన్‌లో ఒకప్పుడు బానిసల సంత జరిగిన చోట ఇప్పుడు చర్చి ఉంది. బ్రిటిష్‌వాళ్ళ ఒత్తిడి మీద సుల్తాన్ బర్గష్ 1873 జూన్‌లో ఆ సంత మూయించాడు. అదే ఏడాది క్రిస్మస్ నాడు చర్చికి శంకుస్థాపన చేశారు. కొరడా దెబ్బలు కొట్టిన స్తంభం ఉన్న చోటే పూజావేదిక ఉందని అక్కడ చెప్తారు. పక్కనే నేలమాళిగలు చూపించి, బందీలను ఇక్కడ కుక్కేవారంటారు. ఆ గదుల విషయంలో కొందరు చరిత్రకారులకు అనుమానాలున్నాయి. కాబట్టి గదుల్ని వదిలేసి పెరట్లోకి రండి.

పెరట్లో నేను విగ్రహం కోసం వెతుకుతున్నా. అలవాటు కొద్దీ తల పైకెత్తి వెతుకుతున్నా. ఎక్కడా లేదు. ఎవరో కిందికి చూపించారు. నేలలో నలుచదరపు గొయ్యి. మన దగ్గర దిగుడుబావి మొదటి మెట్ల దగ్గర ఎంత లోతుంటుందో అంత. అందులో అయిదుగురు మనుషులు, కాంక్రీటులో. మెడలకు ఇనుప పట్టెడలు, ఒకరి నుంచి ఒకరికి గొలుసు. ఆ గొలుసు ఆ కాలానిదేనని చెప్తారు. స్వీడన్ శిల్పి క్లారా సోర్నాస్ 1990ల చివర్లో చేసింది.

ఇక్కడ కాస్త ఆగుతాను, మీరు చేతులు మట్టిలో పెట్టేవాళ్ళు కాబట్టి. కాంక్రీటు మొహానికి మంచి సరుకు కాదు. సన్నటి పని నిలవదు, అంచులు రాలతాయి. కంచులో అయితే కనురెప్ప కూడా తియ్యొచ్చు. ఆమె ఆ గరుకుని దాచలేదు. మనుషుల కాళ్ళు రాతిలోంచి ఇంకా పూర్తిగా బయటికి రానట్టు మోటుగా వదిలేసింది. మొహాలు మటుకు దేనికదే వేరు. ఒకే మూసలో పోసి అయిదు బొమ్మలు దించలేదు. చర్మం మెరవదు, నాచు పట్టి, వాన చారలు పడి ఉంటుంది. మెరిసేది ఒక్క గొలుసే, అది కూడా జనం వంగి తాకితే అరిగిన మెరుపా అని అనుమానం వచ్చి చూశాను. తాకడానికి అందదు. గొయ్యి లోపల ఉంది కదా.

గట్టు మీద నిలబడి కిందికి చూస్తున్నాను. పక్కన ఇంకో పదిమంది టూరిస్టులు, అందరం కిందికే చూస్తున్నాం. ఒకాయన నడుం మీద చేతులు పెట్టుకుని, తల వాల్చి, ఒక్కో మనిషినీ నిదానంగా చూస్తున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మేం నిలబడింది సంతలో. కొనేవాళ్ళు నిలబడే చోట. ఆమె మా చేత ఆ పని చేయించింది, ఒక్క మాట రాయకుండా. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అప్పుడు వాళ్ళు కనిపించడం మానేశారు. చూడాలంటే గట్టు మీదికి రావాల్సిందే, ఇంకో దారి పెట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సంత నడిపింది అరబ్బులే అనుకుని హాయిగా వెనక్కి రావడానికి లేదు. జాంజిబార్ సుంకాల కాంట్రాక్టు చాలాకాలం కచ్ నుంచి వెళ్ళిన జైరామ్ శివ్‌జీ వర్తక కోఠీ చేతిలో ఉండేది. అప్పులిచ్చిందీ, సరుకు తిప్పిందీ మన దేశపు వ్యాపారులే చాలావరకు. అక్కడి భారతీయుల ఇళ్ళల్లో, తోటల్లో బానిసలుండేవారు. 1860లో బ్రిటిష్ కాన్సల్ రిగ్బీ అలాంటివాళ్ళను వేలమందిని విడిపించాడు. గైడ్ కుర్రాడు నన్ను ఏ దేశమని అడిగాడు, ఇండియా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం నాకు తర్వాత చదివాక గానీ తెలియలేదు.

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ ఏలుబడిలోని మార్టినీక్ దీవిలోది ఇంకో పద్ధతి. అక్కడికి నేను వెళ్ళలేదు, బొమ్మల్లో, కొలతల్లో చూసిందే. 1830 ఏప్రిల్ 8 రాత్రి ఒక ఓడ డయమంట్ అనే ఊరి దగ్గర రాళ్ళకు కొట్టుకుని బద్దలైంది. అప్పటికే బానిసల్ని తేవడం చట్టరీత్యా నేరం, కాబట్టి దొంగ ఓడ. 86 మంది ఆఫ్రికన్లు బతికారు. వాళ్ళలో 60 మంది ఆడవాళ్ళు. మగవాళ్ళు సంకెళ్ళలో ఉన్నారు, ఈదలేకపోయారు. బతికినవాళ్ళను బానిసలనడానికి లేదు, స్వేచ్ఛాజీవులనడానికి అధికారులకు మనసొప్పలేదు. చివరికి ఇంకో ఓడ ఎక్కించి దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి వలస పట్నం కయెన్‌కు పంపేశారు. 1998లో, ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసి 150 ఏళ్ళయిన సందర్భంగా, లోరాన్ వలేర్ అనే శిల్పి అక్కడ పదిహేను విగ్రహాలు పెట్టాడు. ఒక్కొక్కటి రెండున్నర మీటర్లు. త్రికోణంలో నిలబడతారు. యూరప్, ఆఫ్రికా, అమెరికాల మధ్య సాగిన మూడు మూలల వ్యాపారం అన్నమాట. తలలు వాల్చి సముద్రం వైపు చూస్తుంటారు. దిక్సూచిలో 110 డిగ్రీలు, అంటే పశ్చిమాఫ్రికా తీరంలోని గినీ అఖాతం వైపు. స్మారకం పేరే 'క్యాప్ 110'. దిమ్మె లేదు, గడ్డిలోంచి మొలిచినట్టుంటారు. రంగు తెలుపు. అక్కడ చావుకు తెలుపు. మనకూ ఒకప్పుడు అంతే కదా, మా నాయనమ్మను నేను తెల్లచీరలో తప్ప చూడలేదు.

ఫ్రాన్స్‌లోనే నాంత్ రేవులో 2012లో కట్టింది క్లుప్తంగా చెప్తాను. అక్కడ మనుషుల బొమ్మలే లేవు. రేవు గట్టు మీద నేలలో రెండు వేల గాజు పలకలు పొదిగారు. వాటిలో 1,710 పలకల మీద ఆ రేవు నుంచి ఈ వ్యాపారానికి బయల్దేరిన ఓడల పేర్లు, తేదీలు. ఓడల పేర్లెందుకున్నాయి? పద్దు పుస్తకాల్లో రాసుకున్నారు కాబట్టి. లోపల ఉన్నవాళ్ళను అంకెల్లో రాశారు.

ఆ పద్దుల్లో మన సరుకు కూడా ఉంటుంది. కోరమండల్ తీరంలో మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం దగ్గర డచ్చివాళ్ళ కోఠీలుండేవి. అక్కడ కొన్న ముతక నేత బట్టల్లో ఒక రకానికి 'గినీ క్లాత్' అనే పేరు. గినీ అంటే ఆఫ్రికా తీరమే. బట్ట ఆమ్‌స్టర్‌డాం వెళ్ళి, అక్కడి నుంచి ఆఫ్రికా వెళ్ళి, మనిషి ధరలో భాగమయ్యేది. నేసినాయనకు ఈ సంగతి తెలిసే దారి లేదు. గవ్వలూ అంతే. మాల్దీవుల గవ్వలు ఓడల అడుగున బరువు కోసం పోసుకుని యూరప్ తీసుకెళ్ళి, అక్కడి నుంచి పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొనడానికి పట్టుకెళ్ళారు. మనం చిల్లిగవ్వ లేదు అని ఎంత తేలిగ్గా అంటాం! ఇక కరువు ఏళ్ళల్లో, 17వ శతాబ్దంలో, ఈ తీరపు మనుషుల్నే కొని పులికాట్ నుంచి బటేవియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, పంపారు డచ్చివాళ్ళు. పులికాట్ అంటే పాత తెలుగువాళ్ళ ప్రళయకావేరి. అక్కడ డచ్చివాళ్ళ శ్మశానం ఉంది, ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలు చాలా బాగుంటాయి, వెళ్ళి స్కెచ్‌లు వేసుకోండి. ఓడెక్కినవాళ్ళ పేరు మీద ఏమైనా ఉందేమోనని ఒక పూటంతా తిరిగాను. నాకేమీ కనబడలేదు.

ఎవరో చెయ్యెత్తారు... చెప్పమ్మా. (ప్రశ్న: సర్, మన హైదరాబాద్‌లో ఇలాంటిది పెట్టాలంటే మీరు ఏం చేస్తారు?)

మంచి ప్రశ్న. మీలో ఎంతమంది ఏసీ గార్డ్స్ మీదుగా వచ్చారివాళ? చాలామందే. ఏసీ అంటే? (నవ్వులు) అసిస్టెంట్ కమిషనర్ కాదు, ఎయిర్ కండిషన్ అసలే కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం అశ్విక దళం, సిద్దీలు ఉండేవారు. ఆఫ్రికా నుంచి కొందరు సిపాయిలుగా వచ్చారు, కొందరు అమ్ముడుపోయి వచ్చారు. 1948 తర్వాత ఆ దళం పోయింది, మనుషులు అక్కడే ఉండిపోయారు. పాతబస్తీ పెళ్ళిళ్ళలో వినే మర్ఫా దరువులో వాళ్ళ చెయ్యి ఉంది. మనం రోజూ బస్సులో ఆ పేరు అరుస్తూనే ఉంటాం.

నేను బొమ్మ గీశాను, అబద్ధమెందుకు. మొదటిది గుర్రం మీద రౌతు, ఎత్తయిన దిమ్మె. గీయడం అయ్యాక చూస్తే మన ట్యాంక్‌బండ్ మీద ఇంకోటి అయింది, చింపేశాను. రెండోది జాంజిబార్ లాగా గొయ్యి. అదీ కుదరదు. వీళ్ళ మనవలూ మునిమనవలూ ఆ వీధిలోనే ఉన్నారు, వాళ్ళ తాతల్ని మళ్ళీ గోతిలో పెట్టడానికి నేనెవర్ని? మూడోది బస్టాప్ బెంచీ. ఒక చివర ఒక మనిషి కూర్చుని ఉంటాడు, మర్ఫా ఒళ్ళో పెట్టుకుని. మిగతా బెంచీ ఖాళీ. బస్సు వచ్చేదాకా ఎవరైనా పక్కన కూర్చోవచ్చు. అయితే మొహం ఎవరిది పెట్టాలన్న దగ్గర ఆగిపోయాను. ఆ వీధిలోవాళ్ళను అడగకుండా మట్టి ముట్టుకోదలచుకోలేదు. ఇద్దరు ముసలివాళ్ళతో మాట్లాడాను. ఒకాయన, ముందు అక్కడ డ్రైనేజీ బాగు చేయించండి సార్ అన్నాడు.

ఆ, టిట్-బిట్స్ సంగతి చెప్తానన్నాను కదా. ఆ పద్నాలుగు అడుగుల దిమ్మె విగ్రహం గుర్తుందా? పోత పోసిన రాత్రి నాతో నలుగురు పనిచేశారు. అచ్చు విప్పాక, అడుగు మూసేముందు, వాళ్ళలో ఒకడు మేకుతో లోపలి గోడ మీద ఏదో గీస్తుంటే చూసి కోప్పడ్డాను. పేరు రాసుకుంటున్నాడు. చెరిపించేశాను. ఆ నలుగురిలో ఇప్పుడు ఇద్దరి పేర్లే నాకు గుర్తున్నాయి.

టీ వచ్చినట్టుంది. తాగి వద్దాం.